మూటకు అంటని మైల

విమానం టికెట్టు కొనేముందు మీరు దేన్ని చూస్తారు? నిజం చెప్పండి. ధర చూస్తామంటారు, సెలవులు చూస్తామంటారు, అక్కడి ఎండావానా చూస్తామంటారు. గోడ మీది క్యాలెండర్లో ఆ రోజు గడిలో వర్జ్యం ఎప్పుడో, శూల ఏ దిక్కుకో చూడకుండా ఆ బటన్ నొక్కినవాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారు? చూశామని చెప్పుకోవడానికి సిగ్గు, చూడకపోతే భయం. ఈ సిగ్గుకూ ఈ భయానికీ మధ్య మన చదువులన్నీ సర్దుకుని కూర్చున్నాయి. వేదికల మీద ఈ మాట చెప్పి చెప్పి నా గొంతు బొంగురుపోయింది. కానీ ఈసారి వేదిక మీద చెప్పేది కాదు, ఇంట్లో చెప్పుకునేది రాస్తాను. నన్ను గడప దాటించిన వాళ్ళ సంగతి.

పోయిన నెల గిద్దలూరులో మా తమ్ముడి ఇంట్లో అందరం కూర్చున్నాం. మేమందరం కలిసి శ్రీలంక వెళ్ళాలని చాలా రోజుల ఆలోచన. మేనకోడలు సింధు బెంగళూరు నుంచి వచ్చి భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల పద్ధతి చూస్తే నాకు ముచ్చటేసింది. గిద్దలూరు నుంచి చెన్నై దాకా వ్యాను, కంభం, బేస్తవారిపేట, కనిగిరి మీదుగా నెల్లూరు చేరి అక్కడ టిఫిను, మధ్యాహ్నానికి ఎయిర్‌పోర్టు. రైల్లో అయితే తూర్పుకు పోయి మళ్ళీ దక్షిణానికి తిరగాలి, అది వద్దని తేల్చింది. పచ్చడి సీసాలు చేతిసంచిలో పెట్టొద్దు, పెద్ద పెట్టెలో వేయాలి. బీపీ మాత్రలకు డాక్టరు చీటీ దగ్గరుండాలి. ఆధార్లో ఉన్న పేరూ పాస్‌పోర్టులో ఉన్న పేరూ ఒకటేనా అని అందరివీ సరిచూసింది. అక్కడి ప్లగ్గుల్లో మన ఛార్జర్ పడుతుందో లేదో కూడా కనుక్కుంది. ఒక్క మనిషి, ఒక్క పూటలో, ఇంతమంది ప్రయాణం గీసి పెట్టింది. చివరికి టికెట్టు రోజు చదివింది. గురువారం.

వంటింట్లోంచి మా మరదలు సుగుణ చేతిలో గరిటెతో వచ్చింది.

"గురువారం దక్షిణం శూల గదే. నీకు ఇంకో రోజు దొరకలేదా?"

"ఆ రోజుకే అందరికీ సెలవు కుదిరింది మా."

"సెలవు కుదిరితే సరిపోతాదా? మనం తిరిగి రావాల్నా, వద్దా?"

తమ్ముడు పేపరు దించాడు. "విమానం నడిపేవాడు గూడా ఆ రోజే పోతాడు గదమే. వానికి లేదా శూల?"

"వాడు జీతానికి పోతాడు. మనం మన ఖర్చుతో పోతాండాం."

నేను నోరు తెరవబోయాను. సుగుణ గరిటె నా వైపు తిప్పింది. "వదినా, నువ్వు మాట్లాడొద్దు. నువ్వు మాట్లాడినావంటే అది మీటింగు అయిపోతాది."

తర్వాత తనే పరిష్కారం చెప్పింది. పరస్తానం పెడదాం అంది. సింధుకు అర్థం కాలేదు. వాళ్ళమ్మ చెప్పింది: మనం బయల్దేరే రోజు మంచిది కాకపోతే, అంతకు ముందు మంచిరోజు చూసి, మన వస్తువు ఒకటి మూటగట్టి, పోయే దిక్కులో ఉన్న ఎవరింట్లోనైనా పెట్టాలి. మూట కదిలితే మనిషి కదిలినట్టే లెక్క. తర్వాత ఏ రోజు పోయినా దోషం లేదు, దారిలో ఆ మూట తీసుకుపోవడమే. పాస్‌పోర్టులన్నీ ఒక సంచిలో వేసి ఊరికి దక్షిణాన ఉన్న తన పిన్నమ్మ ఇంట్లో బుధవారం పెట్టి రావాలని సుగుణ ఆలోచన. "పాస్‌పోర్టులు ఒక ఇంట్లో, మనుషులు ఒక ఇంట్లోనా! ఆ చిన్నమ్మమ్మ తాళం వేసుకుని ఏ దర్శికో పోతే?" అని సింధు తల పట్టుకుంది. అందరం నవ్వాం. నవ్వుతూ ఉండగానే దూలానికి వేలాడుతున్న ఒక చిన్న గుడ్డ మూట నా కళ్ళ ముందుకు వచ్చింది. ఆ మూట లేకపోతే నేను ఈ రోజు ఎవరినో, ఎక్కడ ఉండేదాన్నో!

మా ఊరు గిద్దలూరుకు తూర్పున. కాస్త మెట్ట, ఒక గొర్రెల మంద, మట్టిమిద్దె. వాన పడితే తడిసిన బొచ్చు వాసన ఇల్లంతా నిండేది. ఆ వాసన మీద సజ్జరొట్టె కాలే వాసన, దాని మీద జేజి ముక్కుపొడి ఘాటు. జేజి అంటే మా నాయనమ్మ. తెల్లవారకముందే లేచి, అరుగు మీద కూర్చుని, డబ్బీ తెరిచి ఒక పట్టు పీల్చి, గట్టిగా తుమ్మి, ఆ తర్వాతే మాట్లాడేది. తుమ్ము మంచిది కాదని ఊరందరికీ చెప్పే మనిషి తన తుమ్మును మాత్రం లెక్కలోకి తీసుకునేది కాదు. ఆమెకు అక్షరం రాదు. అయినా పంచాంగం మొత్తం ఆమె నోట్లో ఉండేది. ఏ రోజు ఏ దిక్కు పనికిరాదో, బల్లి ఏ మూల నుంచి పలికితే ఆగాలో, పిల్లి ఎదురైతే ఎంతసేపు కూర్చోవాలో అడక్కుండానే చెప్పేది. మేం మార్కాపురం తిరునాళ్ళకు పోవాలన్నా ఆమె నోటి నుంచి ఒక రోజు రావాల్సిందే.

ప్రయాణమంటే మా ఇంట్లో మూడు పెత్తనాలు. దిక్కు జేజిది, తిండి అమ్మది, బండి నాయనది. అమ్మ రొట్టెలు పలచగా తట్టి, చెమ్మ లేకుండా కాల్చి, పాత పంచెగుడ్డలో చుట్టేది. ఎన్ని రోజులైనా చెడవు. చెనక్కాయల పొడి, చింతకాయ తొక్కు, మూత బిగించే మరచెంబులో నీళ్ళు. బయట నీళ్ళు తాగితే ఊరు దాటకముందే జ్వరమొస్తుందని ఆమె నమ్మకం. అందులో కొంత నిజం కూడా ఉంది. నాయన ప్రయాణానికి ముందు రోజే గిద్దలూరు స్టేషనుకు నడిచిపోయి, రైలు ఉందా లేదా అని కంటితో చూసి వచ్చేవాడు. "రేపటి రైలు ఈ పొద్దు చూస్తే ఏం తెలుస్తాది?" అని అమ్మ నవ్వితే, "పట్టాలు ఉండాయో లేదో తెలుస్తాది" అనేవాడు. ఎగతాళిగా చెప్పడం లేదు. ఇంతమంది ఇంత శ్రద్ధగా ఒక మనిషిని ఊరు దాటించే ఇంట్లో పుట్టడం అదృష్టం. అదృష్టమన్న మాట నేను వాడుతున్నందుకు నా పాఠకులు ఆశ్చర్యపోవద్దు, దానికి ఇంకో మాట నాకు దొరకలేదు.

పదో తరగతి గట్టెక్కాక, మా బడి అయ్యవారు పట్టుబట్టి, కర్నూలులో ఆడపిల్లల కాలేజీకి నా చేత అర్జీ పెట్టించారు. అప్పట్లో మాకు కర్నూలే పెద్ద ఊరు. జిల్లా మారినా మా పెద్దవాళ్ళ మనసు ఇంకా అటే తిరిగి ఉండేది. సీటు వచ్చిందని, శనివారం పొద్దున్నే తండ్రిని వెంటబెట్టుకుని రావాలని, రాకపోతే సీటు తర్వాతి పిల్లకు పోతుందని బుధవారం ఉత్తరం వచ్చింది. నాయన ఇంట్లో లేడు. మందను తోలుకుని నల్లమల అంచుకు పోయి ఉన్నాడు. కబురు పంపినా గురువారం పొద్దు గూకితే గానీ రాలేడు. ఇక మిగిలింది శుక్రవారం ఒక్కటే. ఆ రైలు ఎక్కితే చదువు, ఎక్కకపోతే మరుసటి ఏడు నాకు పెళ్ళి. ఇందులో దాపరికం ఏమీ లేదు, సంబంధం కూడా చూసి పెట్టారు.

జేజి ముక్కుపొడి డబ్బీ మూసింది. "శుక్రవారం ఆడపిల్ల గడప దాటితే ఇంటి లచ్చిమి ఎంట పోతాది. అందులోనూ పడమర. శుక్రవారం పడమర శూల. ఒగటి గాదు, రెండు. కుదరదు."

"రైలుకు తెలుసునా జేజీ శుక్రవారమని?" అన్నాను. ఏడుపు ఆపుకుంటూ అన్నానో, కోపంతో అన్నానో గుర్తులేదు.

"తెలీదు. అందుకే గదా అది ఏ పొద్దూ చెప్పిన యాళకు రాదు."

అమ్మ పొయ్యి దగ్గర రొట్టె తిప్పుతూ ఉంది. అత్త మాటకు ఆమె ఎదురు చెప్పగా నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు కూడా ఎదురు చెప్పలేదు. ఒక ప్రశ్న అడిగింది, అంతే.

"అత్తా, పరస్తానం పెడితే రెండు దోషాలూ పోతాయంటారు గదా?"

"పోతాయి. బుధవారం మంచిదే, ఈ పొద్దే పెట్టొచ్చు. పడమట ఎవురింట్లో పెడతావు?"

చిక్కు అక్కడే వచ్చింది. ఎందుకంటే పడమట మా ఇల్లే చివరిది. దాని తర్వాత వంక అని మేం పిలిచే చిన్న వాగు, అది దాటితే బాట పక్కన పల్లె. కూలికి పోయే క్రైస్తవుల ఇళ్ళు, మధ్యలో రేకుల చర్చి. ఆ తర్వాత గిద్దలూరు దాకా చేలే.

"పల్లెలోనా?" అంది జేజి.

"దిక్కు మీరే చెప్తిరి అత్తా. ఆడ ఇల్లు నేను కట్టలేదు గదా."

ఎన్నో వాదాలు విన్నాను, కొన్ని గెలిచాను కూడా. నమ్మకాన్ని ఆ నమ్మకం చేతనే ఇరికించిన వాదం, అదీ ఇంత మెత్తగా, రొట్టె మాడకుండా చేసిన వాదం మళ్ళీ వినలేదు. జేజి మళ్ళీ ముక్కుపొడి డబ్బీ చేతిలోకి తీసుకుంది. దిక్కు నిజమైతే పల్లెకు పోవాలి. పల్లె కూడదంటే దిక్కును వదులుకోవాలి. రెండూ ఆమె నమ్మినవే. చివరికి ఒక పట్టు పీల్చి, "మూటకు మైలేంది? గుడ్డలో కట్టింది గుడ్డలోనే ఉంటాది. పెట్టిరా" అంది.

పల్లెలో మొదటి ఇల్లు ఎస్తేరమ్మది. మా చేలో కలుపుకు వచ్చేది. అమ్మను అక్కా అనేది, నాయనను అన్నా అనేది, నేను ఆమెను పిన్నమ్మా అనేదాన్ని. లెక్క కుదిరినా కుదరకపోయినా మా ప్రాంతంలో వరస కలపని మనిషి ఉండడు. నోటితో ఊరంతా చుట్టాలమే. కంచం దగ్గర మాత్రం ఏ వరసా పనిచేయదు. ఆమె మా ఇంటికి వస్తే వాకిట్లో కూర్చునేది, నీళ్ళు దోసిట్లో పోసేవాళ్ళం. మేం వాళ్ళ వాకిట్లోకి కూడా పోయేవాళ్ళం కాదు. ఆ సాయంత్రం అమ్మ తన చేత్తో మూట పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని వంక దాటింది. అందులో ఒక రవికె గుడ్డ, పసుపు కొమ్ము, గుప్పెడు బియ్యం. ఎస్తేరమ్మ అంతా విని మూటను చేతిలో తూచినట్టు ఆడించింది.

"ఇంత మూటతో పోయే దోషం ఎంతుంటాదిలే అక్కా! మా పాస్టరయ్య వింటే నన్ను కేకలేస్తాడు. అయినా పాప చదువుకు పోతాదంటే పెట్టు. దూలానికి తగిలిస్తా, ఎలకలు ముట్టవు."

శుక్రవారం పొద్దున నాయన బండి కట్టాడు. నా ట్రంకుపెట్టె, రొట్టెల మూట, మరచెంబు. జేజి గడప దగ్గర నిలబడి, మూట ఎప్పుడో పోయింది కాబట్టి నేను అప్పుడు పోతున్నట్టు కాదని అందరికీ వినబడేలా చెప్పింది. ఎస్తేరమ్మ తన గుమ్మంలో కూర్చుని ఉంది. పక్కన చెంబుతో నీళ్ళు. నాయన బండి దిగలేదు.

"మూట అందియ్యి ఎస్తేరమ్మా. రైలు యాళ అయితాంది."

"గిద్దలూరులో రైలు ఏ పొద్దన్నా యాళకు వచ్చినాదా అన్నా? దిగు. కాళ్ళు కడుక్కోండి. కూడు తినే పోదురు."

నాయన తలపాగా సర్దుకున్నాడు, ఎద్దుల వైపు చూశాడు, బాట వైపు చూశాడు. "మళ్ళెప్పుడన్నా తింటాంలే."

"మళ్ళెప్పుడు? నేను పుట్టినకాడి నుంచీ ఈడనే ఉండా. మీ మూట రెండు రాత్రులు మా ఇంట్లో పండుకున్నాది. మా గాలి పీల్చినాది, మా పొగ పట్టినాది. దానికి అంటని మైల మీ నోటికి యాడి నుంచి వస్తాది?" గొంతు పెంచలేదు. నవ్వు ముఖంతోనే అంది. అయితే లేవలేదు. మూట ఆమె వెనక లోపల దూలానికి వేలాడుతూ ఉంది, గుమ్మానికి అడ్డంగా ఆమె కూర్చుని ఉంది. మూట లేకుండా పోతే జేజి దృష్టిలో నేను శుక్రవారం పడమరకు పోయినట్టే, ఇంటికేదైనా కీడు జరిగితే అది నా నెత్తిన పడినట్టే. అన్నం తింటే ఊరు నాయనను ఏమంటుందో ఆయనకు తెలుసు. ఆలస్యమైతే రైలు పోతుంది, సీటు పోతుంది.

నేను బండి దిగాను. ధైర్యం అనుకోవద్దు, రైలు భయం. కాళ్ళు కడుక్కుని ఎస్తేరమ్మను దాటుకుని లోపలికి పోయి కూర్చున్నాను. సత్తు కంచంలో వేడి కొర్రన్నం, గోంగూర పప్పు, ఒక పక్కన ఉల్లిపాయ. నేను రెండు ముద్దలు తిన్న తర్వాత గుమ్మం దగ్గర వెలుతురు తగ్గింది. నాయన తల వంచి లోపలికి వస్తున్నాడు. తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. ఎస్తేరమ్మ వడ్డించింది. ఆయన ముద్ద కలిపి తిన్నాడు.

"ఉప్పు సరిపోయిందా అన్నా?"

నాయన ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుని ఆలోచించాడు. "కాస్త తగ్గినాది."

మా నాయన బయట ఎక్కడ తిన్నా తిండికి వంక పెట్టేవాడు కాదు. పెళ్ళిళ్ళలో మాడిన అన్నం వేసినా బాగుందనేవాడు. ఉప్పు తగ్గిందని ఆయన చెప్పేది ఇంట్లోనే, అమ్మతోనే. ఎస్తేరమ్మ ఆ సంగతి ఎరుగుదో లేదో, నవ్వుతూ లేచి ఉప్పు కుండ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆ తర్వాత దూలం మీద మూట విప్పి నా చేతికిచ్చి, "పో పాపా. బాగా చదువు. మీ జేజికి చెప్పు, మా ఇంట్లో దోషాలు నిలవవని" అంది. రైలు ఆలస్యంగానే వచ్చింది. బొగద సొరంగంలో చీకటి కమ్ముకున్నప్పుడు నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన చేతికి ఇంకా గోంగూర వాసన ఉంది. శనివారం పొద్దున కాలేజీలో నా పేరు ఎక్కింది.

ఊరు ఊరుకోలేదు. నాయన తిరిగి వచ్చేసరికే రచ్చబండ మీద మాట నడుస్తూ ఉంది. పల్లెలో తిన్నాడంట అని ఇద్దరు పెద్దమనుషులు ఇంటి దాకా వచ్చి అడిగారు. నాయన కంటే ముందు, అరుగు మీద నుంచి జేజి అందుకుందట. "పరస్తానం పెట్టిన ఇంట్లో ఎంగిలిపడకుండా పోతే ఫలం దక్కదు. ఆ మాత్రం శాస్త్రం తెలీదా మీకు?" పెద్దమనుషులు తెలియదని ఒప్పుకోలేక, అవునవునని తలాడించి వెళ్ళిపోయారు. తర్వాత సెలవులకు వచ్చినప్పుడు అమ్మ ఇది చెప్పి కడుపుబ్బ నవ్వింది.

అది ఏ శాస్త్రంలోనూ లేదు. నేను వెతికాను. కాలేజీలో తర్కం, వాదం నేర్చుకున్నాక, సంస్కరణ సభల్లో పండితులతో తలపడేటప్పుడు, పుస్తకాలు తిరగేసి మరీ వెతికాను. జేజి కొడుకు పరువు కోసం ఆ పూట అరుగు మీద పుట్టించింది. శాస్త్రాలన్నీ ఎవరో ఒకరు ఏదో ఒక అవసరానికి ఇట్లా పుట్టించినవే. తేడా అల్లా, ఎక్కువ శాస్త్రాలు మనిషిని మనిషికి దూరం పెట్టడానికి పుట్టాయి, మా జేజిది దగ్గర చేయడానికి పుట్టింది. ఒక ముసలామె ముక్కుపొడి పీల్చి ఒక నియమాన్ని పుట్టించగలిగితే, చదువుకున్న మనం పాత నియమాన్ని ఎందుకు చంపలేం? నా హేతువాదమంతా ఈ ప్రశ్నలోంచి పెరిగిందే. పుస్తకాలు తర్వాత వచ్చాయి. సెలవులకు వచ్చినప్పుడల్లా ఎస్తేరమ్మ ఇంట్లో తిని ఆ తర్వాతే వంక దాటేదాన్ని. ఆమె పోయేదాకా అదే అలవాటు. అమ్మకు, జేజికి, ఆమెకు, ఉప్పు తగ్గిందన్న నాయనకు నేను ఎంత రుణపడి ఉన్నానో చెప్పడానికి వేదికలు సరిపోవు.

ఇదంతా ఆ రోజు భోజనాల బల్ల దగ్గర చెప్పాను. సింధు ల్యాప్‌టాప్ మూసి వింది. సుగుణ మాత్రం, "చూసినావా, పరస్తానం పెట్టబట్టే గదా నీకు సీటు వచ్చినాది" అంది. మీటింగు అయి ఉంటే జవాబు చెప్పేదాన్ని. అప్పుడే మార్తమ్మ వచ్చింది. ఇల్లు ఊడ్చి, గిన్నెలు తోమే మనిషి. మేం శ్రీలంకలో ఉన్నన్నాళ్ళూ ఇంటి తాళం ఆమె దగ్గరే ఉంటుంది. చెట్లకు నీళ్ళు, కుక్కకు అన్నం అన్నీ ఆమే. పని ముగించి నీళ్ళడిగింది. సుగుణ వంటింటి కిటికీలో బోర్లించి ఉన్న ఒక స్టీలు గ్లాసు తీసి అందులో పోసింది. తాగి, తనే కడిగి, మళ్ళీ అక్కడే బోర్లించింది. ఇద్దరికీ అది ఎంత అలవాటంటే, ఒకరినొకరు చూసుకోలేదు కూడా.

ఆ రోజుల్లో మాకు రోడ్డు లేదు, కరెంటు లేదు, ప్రయాణమంటే వెయ్యి భయాలు. ఇప్పుడు సముద్రం దాటడం ఒక పూట పని. ఇంకో దేశం హోటల్లో ఎవరు వండారో, ఎవరు తిన్న కంచమో అడగకుండా తింటాం. మన వంటింటి కిటికీలో మాత్రం ఆ గ్లాసు కదల్లేదు. నేను లేచి దాన్ని తీసి మా గ్లాసులన్నీ ఉన్న అరలో, మధ్యలో పెట్టాను. సుగుణ చూసింది. మర్నాడు పొద్దున నేను మా ఇంటికి బయల్దేరేటప్పటికి గ్లాసు అరలోనే ఉంది. తర్వాత ఏమైందో నాకు తెలియదు, అడగను కూడా. మార్తమ్మతో మాత్రం మాట అనుకున్నాను. ప్రయాణానికి ముందు రోజు వాళ్ళింటికి అన్నానికి వస్తానని. "మా ఇంటికా పెద్దమ్మా?" అని మొదట నవ్వింది. తర్వాత, "చెనగపప్పు వేసి కోడికూర చేస్తా, తింటావా?" అని అడిగింది. తింటానన్నాను.

మీరు ఏ మతం వాళ్ళయినా కావచ్చు, దేవుణ్ణి నమ్మొచ్చు, మానొచ్చు. దానిమీద వాదానికి నేను ఇంకో రోజు వస్తాను. ఇప్పుడు ఈ పుస్తకం పక్కన పెట్టి లేవండి. మీ వంటింట్లోకి వెళ్ళి, కిటికీలోనో గట్టు మీదో విడిగా పెట్టిన గ్లాసును తీసి, మీ గ్లాసుల్లో కలపండి. ఆ గ్లాసుతో తాగే మనిషిని రేపు పొద్దున అడగండి, "మీ ఇంటికి అన్నానికి ఎప్పుడు రమ్మంటావు?" అని. పిలిచిన రోజు వెళ్ళండి. కూర్చోండి. తినండి. ఉప్పు తగ్గితే తగ్గిందని చెప్పండి.